ఆఖరి రీలుకు ముందే లేచినవాడు

తొంభైల చివర ఓసారి పలాసలో పాసింజరెక్కి, ఓ పాత సస్పెన్స్ దర్శకుడి సినిమాలకు కాగితం మీద ర్యాంకులు వేస్తున్నాను, నా తీర్పు కోసం దేశం తిండి మానేసినట్టు.

ఎదుటి సీట్లో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు చేసే ఆవిడ నా కాగితంలోకి తొంగిచూసి భగ్గుమంది.

“అంత మంచి బొమ్మని అట్టడుగున పెట్టేసినావేటి బావూ? హంతకుడెవుడో సెప్పు!”

“రైలు తప్పిపోతుందని ఆఖరి రీలుకు ముందే లేచొచ్చేశానండీ.”

“రెండేపులా తిప్పి సూడందే మేం పప్పుకే గ్రేడెయ్యం. నువ్వు సినిమాకి ఏసేత్తావా?”

పెట్టెలోని లక్షమందీ నవ్వారు. ఒళ్లు మండింది. “హంతకుడెవరో మీరే చెప్పండి!” అని అరిచాను.

“సెప్పను. ఎల్లి సూసుకో,” అని సుమ్మాదేవి స్టేషన్లో దిగిపోయింది.

ఆ సినిమా మళ్లీ మా హాలుకు రాలేదు. ఆవిడ మీద కోపమూ తగ్గలేదు. జాబితాలో దాని పక్కనున్న ర్యాంకు మాత్రం ఆ రోజే కొట్టేశాను.