స్విచ్ లేని అభయహస్తం

మా నాంపల్లి భజన మండలి పెద్దాయన అన్నిటికీ “స్వామి ఉన్నడు” అనేవారు. నాకూ ఆ నమ్మకమే ప్రాణం. అందుకే ఆయన మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉత్సవం కోసం చెయ్యెత్తి దించి దీవించే పెద్ద ఆంజనేయస్వామి బొమ్మను మేమే ఇనుముతో చేశాం. ఆ చేతికి లారీ వైపర్ మోటారు చాలని, ఆపడానికి ఒక స్విచ్ ఉండాలని నేను చెప్పాను.

“స్వామికి వైపరా? లారీ ఇంజను తిప్పే మోటారే పెట్టు. స్వామిని ఆపే స్విచ్ ఏందయ్యా, అపచారం!” అన్నారాయన.

ఆయన మాటే నెగ్గింది. బ్యాటరీ తగిలించగానే ఆ చెయ్యి లేచి, కింద మొక్కుతున్న ముసలమ్మ భుజం మీద పడి అదిమేసింది. నేను వైర్లు పీకేసరికే ఎముక విరిగింది.

“స్వామి పరీక్ష పెట్టిండు,” అన్నారు పెద్దాయన.

“స్వామి మీదికి నూకుతరేంది? మోటారు తెచ్చింది మీరు, స్విచ్ వద్దన్నది మీరు!” అని అరిచాను.

“గట్లనకు బిడ్డా,” అంది ముసలమ్మ ఏడుస్తూ, “నేనే ఏదో పాపం చేసిన్నేమో.”

పెద్దాయన అవునన్నట్టు తలూపారు.