నడుం నొప్పికి పాండిచ్చేరి వైద్యం

నడుం నొప్పి తగ్గించుకుందామని ఆస్పత్రికి బయల్దేరి, ఆ ప్రయాణంతోనే నడుం విరగ్గొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే యానాం వచ్చి నా టైలరింగ్ షాపు ఎక్కడని అడగండి.

అది క్రిస్మస్ నెల. మా చర్చివాళ్ళంతా కొత్త బట్టలు నాకే కుట్టమని ఇచ్చారు. నడుమేమో మిషన్ ముందు కూర్చోనివ్వడం లేదు. కాకినాడలో ఉండే ఆడపడుచు ఫోన్ చేసి, తనకు తెలిసిన ఎముకల డాక్టరున్నాడు, రమ్మంది. తను చెబితే నేను వింటానా? నాకు కొత్త ఆరోగ్య బీమా ఉంది. ఏ స్పెషలిస్టు దగ్గర మన చేతినుంచి ఎంత పడుతుందో యాప్‌లో ముందే కనిపిస్తుంది. ఒక్కో డాక్టరుకు ఒక్కో రేటు, నచ్చింది ఎంచుకోవడమే. రాష్ట్రం అడిగితే పుదుచ్చేరి అని నొక్కాను. మన యానాం దాని కిందకే వస్తుందిగా మరి! అందరికంటే తక్కువ రేటున్న డాక్టర్ని పట్టి, డబ్బు కట్టేసి, వీధంతా చెప్పుకున్నాను.

ఊరి పక్కన అడవిపొలం బడిలో పాఠాలు చెప్పే మా ఆయన అడ్రసు చూసి కళ్ళజోడు తీశారు.

"ఏమే, ఇది పాండిచ్చేరిలో ఉంది."

"మనదీ పాండిచ్చేరేగా అండీ."

"మనకీ దానికీ మధ్యలో సగం ఆంధ్రా, మొత్తం మద్రాసూ ఉన్నాయి."

తప్పు నొక్కానని తెలిసింది. కానీ ఒప్పుకుంటే ఆడపడుచు గెలిచినట్టే. రేటు ముందే చెప్పారు, కట్టేశాను, వెళ్ళి తీరతానన్నాను.

ఆ రైలెక్కడానికి ఎక్కడికెళ్ళాలి? కాకినాడకే! ఆడపడుచు స్టేషనుకి పులిహోర కూడా తెచ్చింది. "మా డాక్టరుది ఈ పక్క వీధే వదినా," అంది. నేను వినబడనట్టు మా ఆయనతో బోగీ ఎక్కేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటంటారు, నాకు నడుం నొప్పి మీద పై బెర్తు.

పాండిచ్చేరిలో డాక్టరు నొక్కి చూసి, కండరాలు పట్టేశాయని మందులు రాశారు. యాప్‌లో చూపించినదానికి పైసా ఎక్కువ అడగలేదు, ఆ మాట చెప్పుకోవాలి. చివర్లో ఇంగ్లీషులో ఏదో అనేసరికి మా ఆయన బిక్కమొహం వేశారు.

"ఏమన్నారండీ?"

"తగ్గేదాకా దూరప్రయాణాలు చెయ్యొద్దంట."

తిరుగు రైల్లో మా ఆయన యాప్‌లో కాకినాడ అని కొట్టి చూశారు. ఆడపడుచు చెప్పిన డాక్టరూ మా బీమాలోనే ఉన్నాడు. రేటు ఇంకా తక్కువ!

క్రిస్మస్ బట్టలు నేను నిలబడి కత్తిరించాను, మా ఆయన కూర్చుని కుట్టారు. ఆ ఏడాది చర్చిలో ఎవరి చొక్కా చేతులూ సమానంగా లేవు. ఎవరైనా అడిగితే అదే ఫ్యాషనన్నాను.

గోదారమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ స్పెషలిస్టుకైనా రేటు కంటే ముందు ఊరు చూస్తాను. ఆ ఊరు కాకినాడైతే తప్పకుండా వెళ్తాను, ఆడపడుచుకు మాత్రం చచ్చినా చెప్పను.