నేరుగా మాస్టారు

విమానం నడపడం నేర్పే ఆయనకి ‘నేరుగా మాస్టారు’ అని పేరు పడిపోయింది. పడదూ మరి! పొద్దున లేస్తే ఆయన నోట ఒకటే మాట: “పైకి లేచీ లేవగానే ఇంజన్ ఆగిపోయిందా? రన్‌వే కోసం వెనక్కి తిరగొద్దు. అంత తక్కువ ఎత్తులో తిప్పితే రెక్క జారి రాయిలా పడతావు. ముక్కు దించు. ఎదురుగా ఏదుంటే అందులో నేరుగా దిగు.”

“గొడుగు మరిచిపోయినా వెనక్కి రారు. తడుస్తూనే పోతారు మహానుభావుడు!” అని భార్య దెప్పేది.

ఒకరోజు ఆ మాట ఆయన మీదికే వచ్చింది. విమానాల స్కూలు యజమాని అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పైకి లేచారో లేదో, ఇంజన్ దగ్గి ఆగిపోయింది. ఆ దగ్గు కొత్తదేం కాదు. ముందే చెబితే, “ఇంకొన్నాళ్లు లాగించండి మాస్టారూ” అన్నాడు యజమాని. ఇప్పుడు అల్లుడు “తిప్పండి, తిప్పండి!” అని గగ్గోలు పెడుతున్నా వినకుండా, మాస్టారు ఎదురుగా ఉన్న పొలంలోకి దించేశారు. ముందు చక్రం విరిగింది, విమానం ముక్కు మట్టిలో కూరుకుపోయింది. మనుషులకు మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

బతికించినందుకు దండ వేశారనుకున్నారా? “రన్‌వే వెనకే ఉంటే పొలంలో పడేస్తారా? నా విమానం సర్వనాశనం చేశారు!” అని యజమాని అందరి ముందూ కడిగేశాడు. “నేనైతే తిప్పేవాణ్ణి” అన్నాడు అల్లుడుగారు. తిప్పి ఉంటే ఆ మాట అనడానికి నోరుండేదా! మాస్టారి ఉద్యోగం ఊడింది.

ఆ చోట్లోకి ఆయన శిష్యుణ్ణే తీసుకున్నారు. సన్నగా ఉంటాడని అందరూ బక్కోడు అంటారు. మాస్టారింటికి వచ్చి తలొంచుకు నిలబడ్డాడు.

“తిట్టుకోకండి మాస్టారూ.”

“తిట్టనురా. ఇంజన్ ఆగితే ఏం చేస్తావ్?”

“ముక్కు దించి నేరుగా...” సగంలో ఆగి, నవ్వలేక నవ్వాడు. “మీరు నేరుగానే దిగారు కదా మాస్టారూ. ఇంట్లో కూర్చోబెట్టారు. నాకు చంటిపిల్ల ఉంది.”

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. “ఉంది కాబట్టే చెబుతున్నా, వెధవా!” అని అరిచారు. వాడు సరేనని తలూపి వెళ్లిపోయాడు.

ఒక ఉదయం మాస్టారు కూరలు కొంటుంటే నెత్తిమీద అదే దగ్గు. విమానానికి చక్రం మార్చారు, ముక్కు సరిచేశారు, ఇంజన్ని మాత్రం పైపైన తుడిచి వదిలేశారు. ఆ వేళకి ఒంటరిగా ఎగిరేది బక్కోడే. విమానానికి ఎదురుగా అదే పొలం, రాయీ రప్పా లేకుండా చదునుగా ఉంది. “నేరుగా పోరా, నేరుగా!” అని ఆయన నడిబజారులో గొంతు చించుకున్నారు. రెక్క ఓ పక్కకి వంగింది. విమానం రన్‌వే వైపు సగం తిరిగి, కూలిపోయింది.

బక్కోడింట్లో శవం దగ్గర యజమాని కళ్లు ఒత్తుకున్నాడు. “చివరిదాకా నా విమానాన్ని కాపాడాలనే చూశాడు. అలాంటి మనిషి మళ్లీ దొరకడు!” కాసేపటికి మాస్టారి పక్కకి జరిగి గొంతు తగ్గించాడు. “అయిందేదో అయింది. మీరే మళ్లీ రండి. నేర్పేవాళ్లు లేరు.”

చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకున్న బక్కోడి భార్య కేసి చూశారు మాస్టారు.

“నేనొచ్చి ఏం నేర్పను బాబూ? వాడికి నేను ఏళ్ల తరబడి చెప్పాను. నన్ను గెంటేసి, మీరు ఒక్కపూటలో చెప్పారు. మీ పాఠమే వాడికి ఒంటబట్టింది.”