షెడ్డుకు పోయిన బండి

నాకు అనుమానం ఎక్కువని మా వాళ్లందరూ అంటారు. పాలవాడి ఎదురుగానే పాలలో వేలు ముంచి చూస్తాను. కూరగాయల తక్కెడ కింద ఏమైనా అంటించారేమోనని వంగి మరీ చూస్తాను. ఇది లోపమని నేనెప్పుడూ అనుకోలేదు. నిజామాబాదులో ఇల్లు నడపాలంటే కాస్త కనిపెట్టుకునే ఉండాలి.

అలాంటి నాకు ఆ చలికాలంలో మా కారు విషయంలో ఏదో తేడా కొట్టింది.

మా ఆయనకు బోధన్‌లో ఎరువుల దుకాణం. రోజూ ఇక్కడి నుంచి కారులో వెళ్లి వస్తాడు. ఆ డీజిల్ బండి కొన్నప్పటి నుంచి స్టీరింగు ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. మా బావ ముచ్చటపడి అడిగినా ఇవ్వలేదు. డ్రైవర్ని పెట్టుకునేవాళ్లను చూస్తే ఆయనకు నవ్వు. "అన్నం గూడ ఇంకొకలతోనే తినిపించుకుంటరా?" అనేవాడు.

ఆ బండిలో మా అక్కా బావలను కూడా ఎక్కించుకుని కొంకణ్ సముద్రం దాకా వెళ్లాలని అనుకున్నాం. నేను సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు. ఎప్పుడు అనుకున్నా ఏదో ఒకటి అడ్డం పడేది. యాసంగి నాట్లు, ఎరువుల గిరాకీ, ఎవరిదో పెళ్లి. ఈసారి ఆయనే పూనుకుని దారి చూసిపెట్టాడు. నాందేడ్ మీదుగా వెళ్లి, సోలాపూర్‌లో ఆగి, ఘాట్ దిగితే సముద్రమే. మొత్తం దూరం తనే నడుపుతానని అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. నేను అప్పుడే ఏయే చీరలు సర్దుకోవాలో ఆలోచించడం మొదలుపెట్టాను.

ఇంతలో ఎడపల్లి దగ్గర ఒకటి జరిగింది. ఆ రోజు నేనూ బోధన్ వెళ్లాను, సాయంత్రం ఇద్దరం తిరిగి వస్తున్నాం. ఇంకా వెలుతురు ఉంది. ఎడమ పక్క పొలం దారిలోంచి చెరుకు ట్రాక్టరు ఒకటి రోడ్డు మీదికి ఎక్కుతోంది. ట్రాలీకి రెండు పక్కలా గడలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. నేను దూరం నుంచే చూశాను. ఆయనా చూసే ఉంటాడనుకున్నాను. కానీ బండి వేగం తగ్గలేదు. నేను గట్టిగా అరిచాక బ్రేకు తొక్కాడు. చెరుకు ఆకులు నా పక్క అద్దానికి రాసుకున్నాయి. ట్రాక్టరు అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

"బ్రేకు పడ్త లేదు," అన్నాడు మా ఆయన. నా చూపు ఇంకా అద్దానికి అంటుకున్న చెరుకు ఆకు మీదే ఉంది. అందుకే కాబోలు, ఎదురు ప్రశ్న వేయకుండా ఆ మాట నమ్మేశాను.

మర్నాడే బండి షెడ్డుకు పోయింది, ఆయన బస్సెక్కాడు. కొన్నాళ్లకు బ్రేకులు మార్చారన్నాడు కానీ బండి ఇంటికి రాలేదు. క్లచ్చు కూడా పోయిందట. క్లచ్చు అయ్యాక ఇంజన్‌లో ఏదో చప్పుడట. ఇంజన్ దించాల్సి వస్తుందని, ఆ ఖర్చుతో మంచి మోటారు సైకిలే కొనుక్కోవచ్చని చెప్పాడు.

"అంత పెట్టుడా, అమ్ముకునుడా? ఆలోచిస్తున్న," అన్నాడు.

ఆలోచించే మనిషి ముఖంలా లేదది. రిపేరు మాటెత్తితే మామూలుగా ఆయనకు హుషారు వస్తుంది. ఏ బోల్టు ఎందుకు వదులైందో మనకు అర్థమయ్యేదాకా వదలడు. ఇప్పుడేమో ఏది అడిగినా ముక్తసరి జవాబే.

మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉండేది. నందిపేట్‌లో మా బాపుకు ట్రాక్టరు ఉండేది. రిపేరు ఎక్కడ చేయించినా, తీసేసిన పాత సామాను సంచిలో ఇంటికి రావాల్సిందే. పాతది రాలేదంటే కొత్తది పడలేదని బాపు లెక్క. పెళ్లయిన కొత్తలో మా ఆయన దీనికి నవ్వాడు కానీ, తర్వాత తనే ఆ పద్ధతి పట్టుకున్నాడు. మా మెట్ల కింద గోనెసంచిలో అరిగిన బ్రేకు ప్లేట్లు, తెగిన బెల్టులు ఇప్పటికీ ఉన్నాయి. ఈసారి ఆ సంచిలో కొత్తగా ఏమీ చేరలేదు. కుమ్మరించి మరీ చూశాను.

మెకానిక్ మోసం చేస్తున్నాడని ముందు అనుకున్నాను. ఆ అనుమానాన్ని మా ఆయన మీదికి మళ్లించింది అక్క.

"మీ ఆయనకు మమ్మల్ని తోలుకపోవుడు ఇష్టం లేనట్టున్నది. సీదా చెప్పొచ్చు గద, బండి మీద పెట్టుడెందుకు?" అంది ఫోన్లో.

"గట్లేం లేదే అక్కా," అన్నాను. కానీ ఆ మాట నా మనసులో నాటుకుంది. పోయిన ఏడు మా బావ మా ఆయన దుకాణంలో కూర్చుని ఆయన్ను ఏదో ఎకసెక్కెం ఆడాడు. అది మా ఆయన మనసులో పెట్టుకున్నాడా? పెట్టుకుంటే ఇన్నాళ్లూ వాళ్లతో అంత నవ్వుతూ ఎలా మాట్లాడాడు? అన్నం పెడుతూ ఆయన ముఖమే చూసేదాన్ని. ఆయన తల దించుకుని తినేవాడు.

బండి లేకపోతే దేంట్లో వెళ్లాలన్న మాట వచ్చింది. బావ కారు మరీ చిన్నది, నలుగురం కూర్చుంటే సంచులు ఒళ్లో పెట్టుకోవాలి. మా ఆయన దగ్గర ఎరువులు కొనే రైతు ఒకతను ఎడపల్లి పక్క క్యాంపులో ఉంటాడు. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. సంగతి తెలిసి అతను తన ఏడు సీట్ల బండి వేసుకుని మా ఇంటికే వచ్చాడు.

"మొహమాటపడకండి అక్కా, బండి ఊరికే పడుంటోంది. బావగారి డ్రైవింగ్ సంగతి నాకు తెలీదా?" అని తాళం బల్ల మీద పెట్టాడు.

మా ఆయన ఆ తాళం ముట్టుకోలేదు. "వద్దు తమ్మీ, పెద్ద బండి నాకు అలవాటు లేదు," అన్నాడు. దుకాణం పెట్టకముందు లారీలు తోలిన మనిషి అన్న మాట అది. అతను వెళ్లాక ఇంకో మాట అన్నాడు: "రైల్ల పోదాం." ఘాట్ రోడ్డు మలుపుల గురించి నాకు అన్నాళ్లు కథలు చెప్పినవాడు ఇప్పుడు రైలంటున్నాడు. ఇక నాకు ఆగబుద్ధి కాలేదు.

మర్నాడు ఆయన బస్సెక్కగానే ఆటోలో షెడ్డుకు వెళ్లాను. ఆ మెకానిక్ వాళ్లది తరాలుగా ఊళ్లో ఉన్న ముస్లిం కుటుంబం. మా ఆయనకు ఎప్పటి నుంచో తెలిసినవాడు. మా కారు షెడ్డులో వెనకాల గోడ పక్కన నిలబెట్టి ఉంది. బానెట్ మీద దుమ్ము పేరుకుని ఉంది. దాని మీద చెయ్యి వేసిన గుర్తు కూడా లేదు.

"ఇంజన్ ఇంక దించలేదా భాయ్?" అన్నాను.

"దించాలె భాభీ, జర టైం పడ్తది."

"సరే, బ్రేకుల పాత సామాన్ ఇయ్యి. తీసుకపోత."

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. "పారేసినట్టున్నం భాభీ," అన్నాడు.

"మా ఇంటి సామాన్ ఎన్నడన్న పారేసినవా?"

అతను చేతిలోని గుడ్డ పక్కన పెట్టేశాడు. "ఝూట్ చెప్పుడు నాతోని గాదు భాభీ. బండికి ఏం గాలే. నేనే తిప్పి చూసిన, బ్రేక్ ఫస్ట్ క్లాస్ ఉన్నది. ఈడ పెట్టుకో, ఎవరడిగినా కాం నడుస్తున్నదని చెప్పు అన్నడు సేట్. ఎందుకో నాకు తెల్వది. ఆయననే అడుగుండ్రి."

దొరికాడు అనుకున్నాను. ఆటోలో వస్తున్నంతసేపూ నాకు ఒళ్లు మండిపోయింది. నా వాళ్లను వద్దనుకోవడానికి ఇంత నాటకమా? సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే అడిగేశాను.

"బండి మంచిగనే ఉన్నదట. మా అక్కోళ్లు వచ్చుడు ఇష్టం లేకుంటే చెప్పరాదు?"

ఆయన కోప్పడలేదు. బుకాయించలేదు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, చొక్కా జేబులోంచి చిన్న చుక్కల మందు సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"నీటికాసులట," అన్నాడు. "ముంగటిది మంచిగనే కనవడ్తది. పక్కలది కనవడ్త లేదు. ఆ దినం ట్రాక్టర్ నాకు కనవడనే లేదు. నువ్వు ఒర్రకపోతే ఏమయ్యేదో."

పోయిన చూపు మళ్లీ రాదని, మిగిలినది నిలవాలంటే రోజూ మందు వేసుకోవాలని, బండి మాత్రం ఇక నడపొద్దని ఆ తర్వాత చూపించుకుంటే కళ్ల డాక్టరు చెప్పాడట. ఆ సీసాను ఇన్నాళ్లూ దుకాణంలోనే దాచుకుని, షెడ్డు నుంచి ఫోన్ వచ్చాకే ఈ రోజు ఇంటికి తెచ్చాడు.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే మీ అక్కకు చెప్తవు. మీ అక్క మీ బావకు చెప్తది. ఇగ అందరు నా చెయ్యి పట్టుకొని రోడ్డు దాటిపిస్తరు."

నాకు భయం వేసింది, ఏడుపొచ్చింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఈ మధ్య ఆయన భుజం తలుపుకు కొట్టుకుంటే ఫోన్ చూస్తూ నడవొద్దని కసిరాను. పక్కనున్న గ్లాసు తగిలి పడితే అంత తొందరేమిటన్నాను. మెకానిక్‌ను అనుమానించాను, బావ మాటను అనుమానించాను, ఆయన మనసును అనుమానించాను. ఆయన చూపు సంగతి మాత్రం నాకు తట్టనే లేదు.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. వద్దని చెప్పలేదు గానీ, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమైందే మీ బండి సంగతి? మీ ఆయన ఇంకేం సాకు చెప్తున్నడు?" అంది అక్క.

"బండి మంచిగైంది అక్కా. ఆయన నడుపుత అనే అంటున్నడు. నాకే దాని మీద నమ్మకం లేదు. ఘాట్ల బ్రేకు పడకపోతే ఎట్ల? నేనే వద్దని కొట్లాడిన, అమ్మేయమన్న గూడ. డ్రైవరున్న పెద్ద బండి కిరాయికి మాట్లాడుదాం."

అక్క పగలబడి నవ్వింది. "నీ అనుమానం మన్నువడ! నేను ఉత్తగనే మీ ఆయన్ను అన్న. నీతోని ఎట్ల వేగుతున్నడో పాపం."

"ఔ అక్కా, వేగుతున్నడు," అన్నాను.

ఫోన్ పెట్టేసి చూస్తే ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. సీసా మూత తీసి, తల వెనక్కి వాల్చమన్నాను. గురి తప్పి మొదటి చుక్క ఆయన చెంప మీద పడింది.

"ఇటియ్యి, నాకు వేసుకొస్తది," అన్నాడు.

నేను ఇవ్వలేదు.