పత్తికట్టె మీద ఉప్పు

2023 వేసవి. కోయంబత్తూరు శివార్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ. అక్కడ నేను ల్యాబ్ ఇన్‌ఛార్జిని. సింగానల్లూరు నుంచి రోజూ బస్సులో వెళ్ళి రాయి, బొగ్గు పొడి చేసి పరీక్షించడమే ఇరవై ఏళ్ళుగా నా పని. ఆ ఏడు నా బల్ల మీదికి కొత్త సరుకొకటి వచ్చింది. పత్తి ఏరేశాక చేలో మిగిలే ఎండు కట్టె!

సిమెంటు తయారీలో కార్బన్ డయాక్సైడ్ రెండు చోట్ల పుడుతుంది. ఒకటి, కిల్న్‌లో, అంటే గొట్టంలా తిరిగే పెద్ద కొలిమిలో, మండే బొగ్గు నుంచి. రెండోది సున్నపురాయి నుంచే. కాలినప్పుడు అది తనలోని వాయువును వదిలేస్తుంది. మొదటిదాన్ని తగ్గించడానికి కొంత బొగ్గు మానేసి పత్తికట్టె వేశాం. దాన్నే బయోమాస్ అంటారు. రెండోదాని కోసం చిమ్నీ పక్కన చిన్న క్యాప్చర్ యూనిట్ పెట్టాం. పొగను ఒక ద్రావణంలోంచి పంపి, అందులోని వాయువును పట్టుకునే యంత్రమది. రెండూ ప్రయోగాలే. కిల్న్ ఆగితే రెండూ ఆగుతాయి.

ఆ కిల్న్ ఒకే నెలలో రెండుసార్లు ఆగింది. రాతిపొడి వేడెక్కుతూ దిగే గరాటును సైక్లోన్ అంటాం. దాని మూతిలో ఏదో జిగురులా పేరుకుని దారి మూసేసింది. రెండోసారి దాన్ని కడ్డీతో పొడిచి వదిలిస్తుంటే వేడి పొడి ఎగజిమ్మి, మా ఫోర్‌మన్ జోసెఫన్న ముంజేయి కాలింది. నేను ఆసుపత్రికి వెళ్ళి చూశాను. మోచేతి దాకా కట్టు కట్టారు.

"ఇంక కట్టె వద్దనేస్తారేమో అన్నా," అన్నాను.

"వద్దంటే ఎట్లమ్మా? మళ్ళీ అంతా బొగ్గేనా? ఏమి అడ్డం పడతా ఉండాదో నువ్వు కనుక్కో. చెయ్యి ఆరినాక నేను మళ్ళీ పైకెక్కుతాను."

జనరల్ మేనేజర్ మాత్రం తేల్చి చెప్పేశారు. మూడోసారి ఆగితే బయోమాసూ, క్యాప్చర్ యూనిటూ రెండూ మూసేస్తారట.

సైక్లోన్‌లో గీకిన పెచ్చును పరీక్షిస్తే క్లోరిన్ బయటపడింది. మనం తినే ఉప్పులో ఉండేదే అది; ఎక్కువైతే వేడికి కరిగి రాతిపొడిని గోడలకు అతికిస్తుంది. పత్తికట్టెలో అంత ఉండదు. పాత శాంపిళ్ళన్నీ తిరగేశాను. మిగతా ఊళ్ళ కట్టె బాగానే ఉంది. ఆండిపట్టి వైపు నుంచి వచ్చే లారీల్లోనే ఎక్కువ. అక్కడ ఊరి ఆడవాళ్ళతో కట్టె పోగు చేయించేది రంగమ్మక్క, మాలాగే ఇంట తెలుగు మాట్లాడే మనిషి. నాకసలే ముక్కు మీద కోపం. వెంటనే ఫోన్ చేశాను.

"కట్టెలో ఏం కల్తీ చేస్తా ఉండారక్కా?"

"కల్తీనా? ఏం మాటమ్మా అది! మా ఇంట ఎవురూ ఆ మాట పడిండ్లేదు. మేడమే వచ్చి చూసుకోండి," అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. తేని ఊళ్ళో బస్సు మారి ఆండిపట్టి చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. రంగమ్మక్క మొహం ముడుచుకునే ఎదురొచ్చింది. కోపమున్నా చెంబుడు మజ్జిగ మాత్రం తెచ్చి చేతిలో పెట్టింది. అది తాగి, కట్టెల వాము దగ్గరికి వెళ్ళి ఒక కట్టె విరిచి, వెంట తెచ్చుకున్న డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టాను. ఆ నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేయగానే పాలలా తెల్లబడ్డాయి. ఉప్పుంటే అలా అవుతుంది. వాము వెనక కల్లుప్పు బస్తా కనబడనే కనబడింది.

"ఇదేంది అక్కా?"

ఆమె దాచలేదు, తడబడలేదు. "ఆమా, ఉప్పే. చెద పట్టకుండా చల్లితిమి. మా అత్త గడ్డివాముకు అట్లే చల్లతా ఉండె. మొదట్లో మేము ఏమీ చల్లకుండానే పంపిస్తిమి. చెద తినిన కట్టె అని మీ ఆఫీసువాళ్ళే కదా ఒక లోడు తిప్పి పంపిరి!"

ఆ తిప్పి పంపిన కాగితం మీద సంతకం నాదే. ఎందుకు పంపుతున్నామో రాశాను గానీ, ఏం చేస్తే చెద పట్టదో ఒక్క ముక్క చెప్పలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదక్కా. అంత మాట అనకూడదు," అని జరిగింది చెప్పాను. జోసెఫన్న చెయ్యి సంగతి వినగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, నా ఉప్పుకా? ఆయన ఎట్ల ఉండాడు పాపా?" తర్వాత వాము వైపు చూసి, "ఈ వాము తగలబెట్టేద్దామా?" అంది.

"వద్దక్కా. చేలో కాలిస్తే పొగంతా గాలికే పోతాది. బొగ్గేమో అక్కడ మళ్ళీ కాలతాది. ఇంత పాటూ దానికేనా?"

ఇద్దరం అక్కడే కూర్చుని దారి వెతికాం. ఉప్పు పడ్డ కట్టెను విడిగా ఉంచి, తొమ్మిది మంచి మోపులకు ఒకటి చొప్పున కలిపితే కిల్న్ తట్టుకుంటుంది. మరి కొత్త కట్టెకు చెద పడితే? ఆమె బూడిద చల్లుదామంది. "వద్దు తల్లీ, అదీ ఉప్పుకు చుట్టమే, అట్లే పేరుకుంటాది!" అన్నాను. ఆమెకు నవ్వొచ్చింది. చివరికి తనే చెప్పింది, మన్ను తగలకుండా కింద రాళ్ళు పరిచి, కట్టెను పడుకోబెట్టక నిలబెడదామని.

సిల్వర్ నైట్రేట్ సీసా, నీళ్ళ క్యాను ఆమెకిచ్చి పరీక్ష నేర్పాను. సీసాలోది చేతికంటితే నల్లమచ్చ పడుతుందని హెచ్చరించాను.

"పడనీ. ఇంక తెల్లబడే కట్టె ఒక్కటి కూడా మా ఊరు దాటదు."

జనరల్ మేనేజర్‌కి ఇదంతా చెప్పి ఇంకొక్క నెల గడువు అడిగాను. ఈలోగా కిల్న్ ఆగితే మూసేయమని నేనే నా చేత్తో రాసిస్తానన్నాను. ఆ నెలంతా ఫోన్ మోగితే చాలు, ముందు కిల్న్ సంగతే అడిగేదాన్ని. కిల్న్ ఆగలేదు.

నెల నిండాక రంగమ్మక్క కొలిమి చూస్తానని వచ్చింది. సొంత ఆడబిడ్డ తెచ్చిన బండినే నీళ్ళు తెల్లబడ్డాయని వెనక్కి పంపిందట. జోసెఫన్న మచ్చపడ్డ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, "నా ఉప్పే నాయనా," అని ఏడ్చేసింది. ఆమె వేళ్ళనిండా నల్లమచ్చలు.

"ఊరుకో అక్కా. నీ చెయ్యీ మచ్చపడె, నా చెయ్యీ మచ్చపడె. పైన సైక్లోన్ మాత్రం శుభ్రంగా ఉండాది, రా చూపిస్తా," అన్నాడు.

శాంపిల్‌లో ఏముందో నా పరీక్షలు చెబుతాయి. అది ఎందుకు చేరిందో తెచ్చిన మనిషే చెప్పాలి. ఆ సాయంత్రమే మా రిజిస్టరులో స్కేలు పెట్టి కొత్త గడి ఒకటి గీశాను: 'దీన్ని ఎలా నిల్వ ఉంచారు? తెచ్చినవారిని అడిగి రాయాలి.' ఇప్పటికీ ఆ గడి ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టను.