పెద్దత్త ఠోంగాలు

మొన్న మా ఖరగ్‌పూర్‌ ఇందా బజారులో అరకిలో వంకాయలు తూయించుకుని చెయ్యి చాపితే, కొట్టువాడు క్యారీబ్యాగు ఇవ్వనన్నాడు. కొత్త చట్టమట, పట్టుబడితే జరిమానా అట. వంకాయలు కొంగున మూటకట్టుకుని నడుస్తుంటే నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. ఈ చట్టమేదో నా కాలేజీ రోజుల్లోనే చేసి ఉంటే మా పెద్దత్త గడప నలుగురూ తొక్కుతూనే ఉండేవారు.

పెద్దత్త మా నాన్నకు అక్క. మావయ్య రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ పోయాడు, పిల్లలు లేరు. పింఛను ఆవిడ తిండికి సరిపోయేది. అయినా రైల్వే కాలనీ వెనకాల ఒంటిగదిలో కూర్చుని పాత పేపర్లతో సంచులు చేసేది. ఖరగ్‌పూర్‌లో వాటిని ఠోంగాలంటారు. ఉడికించిన మైదా జిగురు వాసన, కుంపటి మీద టీ వాసన కలిసి ఆ గదికి వేరే ఏ ఇంటికీ లేని వాసన ఉండేది. ఆదివారం పొద్దున్నే మన తెలుగువాళ్ల ఇళ్ల నుంచి ఆడవాళ్లు పేపర్లు తెచ్చి, ఒక పట్టాన కదిలేవారు కారు. కిరాణా కొట్టు బెంగాలీ దాదా సంచుల కట్టల కోసం వచ్చి, రెండు టీలు తాగితే గానీ లేచేవాడు కాదు.

అత్తకో పట్టింపు ఉండేది. పోయినవాళ్ల ఫోటో ఉన్న కాగితం మడవకూడదు. "పోయినోల మొకం మీద జీలకర్ర పోత్తారేటి?" అనేది. చదువు రాదు కనుక, మెడలో దండ కనిపిస్తే చాలు పక్కన పెట్టేసేది. సభల్లో దండలు వేయించుకున్న మంత్రులందరూ ఆవిడ లెక్కలో పోయినట్టే. వాళ్లలో బతికున్నవాళ్లను ఏరి జిగురుకు అప్పజెప్పడం నా పని. ఓసారి ఒకాయన్ని చూపించి నిక్షేపంగా ఉన్నాడత్తా అంటే, ఎంతో సంతోషించి ఆయనతో శనగపప్పు సంచి చేసింది.

తొంభైల్లో రంగురంగుల ప్లాస్టిక్ సంచులు వచ్చిపడ్డాయి. దాదా ఓ ఆదివారం నిలబడే టీ తాగి, "మాషీమా, ఆర్ లాగ్‌బే నా" అని, ఇక అక్కర్లేదన్నందుకు తలదించుకుని వెళ్లిపోయాడు. ఆడవాళ్లు పేపర్లు పాతసామాన్ల వాడికి వేయడం మొదలుపెట్టారు. అత్తంటే ఎవరికీ అయిష్టం లేదు. ఆ గదికి వెళ్లాల్సిన పని లేకుండా పోయింది.

నేను మాత్రం ఆదివారాలు మా ఇంటి పేపర్లు పట్టుకెళ్లేదాన్ని. ఆవిడ సంచులు చేస్తూనే ఉంది. మంచం కింద నిండి, ట్రంకుపెట్టె మీదికి ఎక్కాయి. ఒకరోజు విసుగొచ్చి, ఎవరూ కొనని సంచులు ఎందుకత్తా, మానెయ్యి అన్నాను. ఆవిడ వేళ్లకంటిన జిగురు నెమ్మదిగా తుడుచుకుంది.

"మానీమంటే మానేత్తాను. మరి నువ్వెందుకొత్తావే?"

నిన్ను చూడ్డానికి రానా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆవిడ నమ్మి, మర్నాటి నుంచి జిగురు ఉడికించడం మానేసింది. రెండు వారాలు వెళ్లాను. చేతుల్లో పనిలేక, మాటలు సాగక, ఇద్దరం గోడ చూస్తూ కూర్చున్నాం. మూడో వారం పరీక్షలన్నాను, ఆ పై వారం వానన్నాను. అత్త కబురు పంపి ఒక్కసారైనా నిష్ఠూరమాడలేదు. ఆ చలికాలం రాకముందే పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆదివారాలు నాకు బోలెడున్నాయనుకున్నాను. ఆవిడకు ఎన్ని మిగిలాయో అడగాలని తోచలేదు.