విత్తే రోజు తమ్ముడి బూట్లు

నా కిడ్నీ ఒకటి తమ్ముడికి ఇచ్చి నాలుగేళ్లయింది. ఇచ్చినందుకు ఊళ్లో నన్ను దేవతను చేశారు. ఆ మాట వింటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఆపరేషన్ తరువాత డాక్టరు మరీ మరీ చెప్పాడు. పెట్టిన కిడ్నీ నిలవాలంటే ఒంట్లో రోగాన్ని అడ్డుకునే శక్తిని మందులతో తగ్గించాలి, అందుకని వాడు మట్టిలో వట్టికాళ్లతో నడవకూడదు. మరదలు ఆ మాట గట్టిగా పట్టుకుంది. పాదమంతా మూసే బూట్లు కొని, గడప దాటితే చాలు, తొడిగించేది.

రెండేళ్ల కిందట మైదుకూరు పక్కన మా చేనులో వేరుశనగ విత్తుతున్నాం. అంతా ట్రాక్టరే అయినా, మొదటి సాలు మాత్రం ఇంటి మగబిడ్డ చెప్పులు విడిచి, విత్తే గొర్రు పట్టి వేయాలి. మా నాయన కాలం నుంచీ అంతే. వాడు బూట్లతో వచ్చాడు. నలుగురి ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏమిరా, బూట్లేసుకోని విత్తనమేస్తావా? యాడ దొరబిడ్డవురా నువ్వు!"

"డాక్టరు వద్దన్న్యాడు కదక్కా."

"ఆయప్పకేం తెల్సు సేద్యం? నేనిచ్చిండేది ఎద్దు కిడ్నీరా. ఏం కాదు, ఇప్పు!"

అందరూ నవ్వారు. వాడూ నవ్వి విప్పాడు. ఒక్క సాలు. మధ్యలో కంపముల్లు గుచ్చుకుంటే పీకి పారేసి, సాలు ముగించాడు.

రెండు నెలలకు పాదం మీద, ముల్లు గుచ్చుకున్న చోటే గడ్డ లేచింది. నొప్పి లేదు. సెగ్గడ్డనుకుని నేనే పసుపు పెట్టాను. కడపలో కోసి మందులిచ్చారు, మళ్లీ లేచింది. ముక్క తీసి పరీక్షకు పంపితే బూజని తేలింది. మట్టిలో, ముళ్ల మీద ఉండే బూజేనట. మామూలు మనిషినైతే ఏమీ చేయదట. వీడికి ఎముక దాకా పోయింది. అది చావాలంటే కిడ్నీని కాపాడే మందులు తగ్గించాలన్నారు. తగ్గించారు. కాలు దక్కింది, కిడ్నీ పోయింది.

ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కని కడప బస్సెక్కుతాడు. మరదలు నాతో మాట్లాడదు. ఆమెది తప్పనను. వాడు మాత్రం మొన్న ఆసుపత్రి మంచం మీది నుంచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, నువ్విచ్చింది నిలబెట్టుకోలేకపోయినా. నన్ను తిట్టుకోవాకు."

వాడే నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బూట్లిప్పమనింది నేనే కదరా అనాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగేశాను.

"పోనీలేరా" అన్నాను, క్షమించేదాన్ని నేనైనట్టు.